గుడి అరుగు మీద బడి

ఊరి పెద్దలకు, నాతోపాటు ఇదే బడిలో పలక పట్టిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

మన ఊరి బడి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బడి సంగతి చెప్పాలంటే గుడి దగ్గరే మొదలుపెట్టాలి. పిల్లాడు తొలిసారి దిద్దే అక్షరాల్ని మనం ఓనమాలంటాం. నిజానికి అవి అ, ఆలు కావు. 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అని ఇసుకలో వేలితో దిద్దించాకే అ, ఆల వంతు వచ్చేది. దేవుడికి పెట్టిన దండమే చదువుకు పేరై కూర్చుంది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమన్నాడు. మన అనంతపురం అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. 1882లో కదా వేరుపడింది! బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. తెలుగు బడులు 226, కన్నడవి 235, పారసీవి 21. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. ఈ మాట చెబితే మా మనవడు నవ్వాడు.

ఆ దొర రాసిన వాటిలో నాకు బాగా నచ్చింది పొద్దున్నే జరిగే తంతు. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు... ఆలస్యమైనకొద్దీ అరచేతిలో వడ్డీ! చదవని వాడికి కోదండం. రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీయడం. మా తాతకు అది పడిందట, నవ్వుతూనే చెప్పేవాడు.

అరుగుల మీద ఐవార్లు, అంటే పంతుళ్లు, నడిపిన వీధిబడి అంటే బ్రాహ్మణ పిల్లల చదువే అనుకుంటాం. ఆ లెక్కలో బ్రాహ్మణ మగపిల్లలు 1,185 మంది, శూద్ర మగపిల్లలు 2,998 మంది. వైశ్యుల్ని వేరుగా లెక్కేసి, మిగతా కులాలన్నిటినీ ఒకే గడిలోకి నెట్టి 1,174 అన్నాడు. ఆడపిల్లలు జిల్లా అంతటికీ 60 మంది. అప్పటికే చాలా ఊళ్లలో బడులు మూతపడ్డాయని, జనం చితికిపోవడమే అందుకు కారణమని కూడా ఆయనే రాశాడు. ఇంగ్లండు నుంచి సీమగుడ్డ వచ్చి ఇక్కడి నేతగాళ్ల బతుకు దెబ్బతింది. మగ్గం ఆగితే ఐవారి జీతమూ ఆగింది.

ఇక పల్లె సంగతి, అంటే అంటరానివాళ్లని ఊరి బయట ఉంచిన వాడ సంగతి. గుడి మెట్టు ఎక్కనివ్వని పిల్లల్ని గుడి అరుగు మీది బడిలో ఎట్లా కూర్చోనిస్తారు? వాళ్లకు బడి ప్రార్థనమందిరంతో వచ్చింది. లండన్ మిషన్ అనే క్రైస్తవ సంఘం వాళ్లు 1810లోనే బళ్లారి చేరారు. పల్లెల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టిందనుకోండి. ఒకే పాక, వాక్యం చెప్పే ఉపదేశి ఒకడే. ఆదివారం వాక్యం, మిగతా రోజులు ఎక్కాలు, రాత్రిపూట లాంతరు కింద కూలికి పోయొచ్చిన వాళ్లకు అక్షరాలు. అంటే అక్కడా దేవుడి చూరు కిందే చదువు. కాకపోతే చూరు వేరు.

ఆ తర్వాత బోర్డు బడి వచ్చింది. చట్టం ప్రకారం అందరిదీ. నేను రెండో తరగతిలో ఉండగా వానకు దాని కప్పు కారింది. ఆంజనేయస్వామి మండపంలో కూర్చోండని ఊళ్లో చెప్పారు. మేం పలకలు పట్టుకుని బయలుదేరితే, పల్లె పిల్లలు ముగ్గురు మాత్రం ఎవరూ ఏమీ అనకముందే ఇంటిదారి పట్టారు. మా ఐవారు కాసేపు నిలబడి చూశారు. మండపం వైపు పోలేదు. అందర్నీ పల్లెలోని ప్రార్థనమందిరానికి నడిపించారు.

మరుసటి రోజు మాలో సగం మందిని ఇళ్లలోంచి పంపలేదు. మా అమ్మ నన్ను పంపింది. ముందుగా చేరింది నేనే. ఐవారు నా అరచేతిలో బలపంతో ఏదో రాశారు. చెమటకు అది చెరిగిపోయింది.