పన్ను జరగడానికి వెలుతురు సాయం

నమస్కారం. మీ చేతికి అందేంత దూరంలో ఫోన్ ఉంటే అందులో టార్చి వేసి, వేలి కొసని దాని మీద గట్టిగా ఆనించి చూడండి. వేలు ఎర్రగా మెరుస్తోంది కదా? టార్చి వెలుతురు తెల్లగానే ఉంది, వేలు దాటి బయటికొచ్చేసరికి మాత్రం ఎరుపే మిగిలింది. నీలం, ఆకుపచ్చ రంగుల్ని మన రక్తం చాలావరకు మింగేస్తుంది, ఎరుపుని పోనిస్తుంది. ఇవాళ చెప్పబోయే వైద్యం, క్లిప్పులు వేసిన పళ్లు తొందరగా జరగాలని చిగుళ్ల మీద వెలుతురు వేయడం, ఈ చిన్న సంగతి మీదే నిలబడి ఉంది.

అరవై దాటాక పళ్లకు క్లిప్పులేంటి అని నవ్వే రోజులు పోయాయి. వయసు మీదపడే కొద్దీ కింది ముందు పళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, పై పళ్ల మధ్య సందులు పడతాయి, ఎప్పుడో ఒక పన్ను తీయించుకుంటే పక్కది ఆ ఖాళీలోకి వాలిపోతుంది, అక్కడ ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కట్టుడు పన్ను, పెట్టాలంటే ముందు ఆ వాలిన పన్నుని నిలబెట్టాలి. చిగుళ్లు, ఎముక బాగుంటే వయసు ఒక్కటే అడ్డు కాదు. కానీ ఈ వయసులో వచ్చే ప్రతివాళ్లూ కుర్చీలో కూర్చోకముందే అడిగేది ఒకటే, "ఎన్నాళ్లు పడుతుంది డాక్టరు గారూ?"

ఎందుకు పడుతుందో చెప్తాను. పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా లేని సన్నటి పొర ఉంటుంది. క్లిప్పుల తీగ పన్నుని ఒక పక్కకి నెట్టినప్పుడు, ఆ పక్క పొర నలిగి, ఎముకని కొరికే కణాలు అక్కడికి చేరతాయి. వెనక వైపు పొర సాగి, కొత్త ఎముక కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. ముందు తవ్వకం, వెనక కట్టుబడి. ఎంత కష్టపడ్డా నెలకి ఒక మిల్లీమీటరు, అటూ ఇటూగా. పెద్దవాళ్లలో ఈ కణాలు నిద్ర లేవడమే ఆలస్యం, అందుకే మొదటి వారాల్లో ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఇక్కడే వెలుతురు వస్తుంది. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు ఎలకలకి వెంట్రుకలు గొరిగి, తక్కువ శక్తి లేజర్ వేసి చూస్తే, లేజర్ పడ్డవాటికి వెంట్రుకలు తొందరగా వచ్చాయి. ఆయన వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. ఎరుపు, దాన్ని దాటిన పరారుణ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని శక్తి తయారీ పెంచుతుందని తర్వాత వచ్చిన వివరణ. పళ్ల విషయంలో ఆ ఎముక కణాలని తొందరపెట్టడానికి ఈ వెలుతురుని డాక్టరు లేజర్ పెన్నుతో చిగుళ్ల మీద వేస్తారు, లేదంటే ఇంట్లో రోజూ కొన్ని నిమిషాలు నోట్లో పెట్టుకునే ఎల్‌ఈడీ పరికరం ఇస్తారు. వాటిలో వాడే పరారుణ కాంతి కంటికి దాదాపు ఆనదు, వేడీ పెద్దగా తెలియదు, దాంతో ఇది అసలు పనిచేస్తోందా అని అనుమానపడేవాళ్లే ఎక్కువ.

అనుమానం తప్పేం కాదు. వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి తూచి చూసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2023 సమీక్షలో, దీని మీద జరిగిన పరీక్షల్ని జల్లెడ పట్టి, ఈ వెలుతురు వల్ల చికిత్స కాలం తగ్గుతుందని చూపలేదని, ఆ ఆధారాలు కూడా బలహీనమేనని తేల్చింది. పైగా ఆ పరీక్షల్లో ఎక్కువమంది పిల్లలు, కుర్రవాళ్లే. మోతాదు కూడా ఒక్కొక్కరూ ఒక్కోలా వాడారు, ఎక్కువ వేస్తే ఎక్కువ లాభం అనుకోడానికీ లేదు, మితిమీరితే కణాలు మందగిస్తాయి కూడా. తీగ బిగించాక మొదటి రెండు మూడు రోజుల నొప్పి విషయంలో మాత్రం కొంత ఉపశమనం కనిపిస్తోంది. నా వరకు, దీన్ని నొప్పికి సాయంగా తీసుకుంటే ఒప్పుకుంటాను, నెలలు తగ్గిస్తుందని చెప్పి డబ్బులు తీసుకుంటే మాత్రం ఒప్పుకోను.

మొన్నామధ్య ఒకావిడ వచ్చారు, అరవై నాలుగేళ్లు. వెలుతురు పరికరం గురించి అన్నీ చదువుకుని వచ్చారు. మందులేమైనా వాడుతున్నారా అమ్మా అంటే బీపీ మాత్ర ఒక్కటే అన్నారు. ఇంకా అడిగితే, వారానికోసారి పరగడుపున వేసుకునే మాత్ర ఒకటుంది, వారానికి ఒకటే కదా అదీ మందేనా అని చెప్పలేదు అన్నారు. అది ఎముకలు గుల్లబారకుండా వాడే మాత్ర. ఎముకని కొరికే కణాలని ఆపడమే దాని పని, మనకేమో పన్ను జరగాలంటే ఆ కణాలే కావాలి. మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టరుతో నేను మాట్లాడతాను అని చెప్పాను. మోకాళ్ల నొప్పికి రోజూ వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కూడా పన్ను కదలికని నెమ్మదింపజేయొచ్చు, అందుకే క్లిప్పుల నొప్పికి మామూలుగా పారాసెటమాలే చెప్తాం. షుగర్ అదుపులో లేకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా తీగ వేయకూడదు, ముందు అవి తేలాలి. నోటిలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఎండ పడితే చర్మం కమిలిపోయే రకం మందులు వాడుతున్నా, వెలుతురు మాట ఎత్తే ముందు ఆ సంగతి చెప్పాలి. లేజరైతే కళ్లకి అద్దాలు తప్పనిసరి.

పదిహేను రోజులకి ఆవిడ మళ్లీ వచ్చారు. పరికరం ఊసే లేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ అందులో, ఖాళీ అయినవి కూడా.