సెంటు డబ్బాలో ఉన్న గ్యాసు
(పర్లాకిమిడిలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన పర్లాకిమిడిలో ఇప్పుడు హైస్కూలు పిల్లల సంచుల్లో పుస్తకాల మధ్య డియో డబ్బా ఉంటోంది. పెళ్లికి బయలుదేరుతూ మూడేళ్ల పాపకి కూడా బుస్సుమని కొట్టేస్తున్నాం. ఆ బుస్సుమనేది ఏమిటి?

చాలా డబ్బాల్లో సెంటును బయటికి తోసేది బ్యూటేన్, ఐసోబ్యూటేన్, ప్రొపేన్. మన వంటింటి సిలిండర్లో ఉండేవీ ఈ జాతివే. ఓజోన్ పొరకు చేటని అమెరికా 1978లో స్ప్రేల్లో అంతకుముందు వాడిన సీఎఫ్‌సీ అనే వాయువులను ఆపేశాక వీటి వాడకం పెరిగింది. వంటగ్యాసు లీకైతే మనకి తెలియాలని అందులో ఘాటు వాసన కలుపుతారు. సెంటు డబ్బా గ్యాసులో అది కలపరు. పైగా ఇది గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది. పసిపిల్లలు పాకేది అక్కడే. దేవుడి దీపం వెలిగేదీ చాలా ఇళ్లలో అక్కడే. దీపం దగ్గర స్ప్రే కొట్టకండమ్మా, దయచేసి.

పెద్దవాళ్లు గాలాడే చోట, జానెడు దూరం నుంచి ఒకసారి కొట్టుకుంటే భయపడక్కర్లేదు. మూసిన బాత్రూంలో డబ్బా సగం ఖాళీ చేసే కుర్రాళ్ల గురించే నా బెంగంతా. మత్తుకోసం కావాలని పీల్చేవాళ్లూ ఉన్నారు. ఈ గ్యాసు ఎక్కువగా లోపలికి పోతే, భయపడినా, పరుగెత్తినా ఒంట్లో పుట్టే అడ్రినలిన్ అనే హార్మోనుకి గుండె విపరీతంగా స్పందిస్తుంది. లయ తప్పి ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాళ్లూ అలా పోయారు.

కొన్ని డబ్బాల్లో కనిపించిన బెంజీన్ అనే రసాయనం సంగతి వేరు. అది ఎవరూ కావాలని వేసేది కాదు. 2021లో అమెరికాలో వాలిష్యూర్ అనే పరీక్షశాల 108 బ్యాచుల బాడీ స్ప్రేలు చూస్తే సగానికి పైగా వాటిలో బెంజీన్ కనిపించింది. రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. పెట్రోలియం గ్యాసు వెంటే వచ్చి ఉంటుందని అనుమానించారు. ఆ తర్వాత కొన్ని కంపెనీలు సరుకు వెనక్కి తీసుకున్నాయి.

చిన్నపిల్లలకి స్ప్రేతో పనేముంది? స్నానం చాలు. ఎదిగిన పిల్లలు అడిగితే గ్యాసు లేకుండా ఒంటికి రాసుకునే రోల్‌ఆన్ కొనివ్వండి.

పిల్లాడు గ్యాసు పీలుస్తూ కంటబడితే అరవకండి, వెంటపడకండి, కొట్టకండి. భయంతో, పరుగుతో అడ్రినలిన్ ఎగసి గుండె అప్పుడే ఆగే ప్రమాదం ఉంది. మెల్లగా డబ్బా తీసుకుని, తలుపులూ కిటికీలూ తెరిచి, కూర్చోబెట్టండి. ఫ్యాను స్విచ్చి ముట్టుకోవద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. సోలిపోతున్నా, గుండె దడగా ఉందన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.