బొంబాయి బస్సు తెలిసిన పిల్లలకి అట్లాంటిక్ గురించి ఎట్లా చెప్పాలి

టీచర్లందరికీ నమస్తే. విమానాల చరిత్ర అనగానే మన క్లాసుల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రైట్ సోదరులు, 1903 డిసెంబర్ 17, కిట్టీ హాక్, అంతే, పాఠం అయిపోతుంది. బిట్ పేపర్లో ఒక మార్కు వస్తుంది. మొదటిసారి పన్నెండు సెకన్లు ఎగిరిన ఆ యంత్రంతో మొదలై, పాతికేళ్ళు తిరిగేసరికి మనుషులు సముద్రాలు ఎట్లా దాటారన్నది మాత్రం పిల్లలకి చేరడం లేదు. నేను అడిగేది ఒక్కటే, పాఠాన్ని తేదీ నుంచి కాదు, దూరం నుంచి మొదలుపెట్టండి. దూరం అంటే ఏమిటో మన పాలమూరు పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు క్లాసుల్లో అడిగి చూడండి, అమ్మానాన్నలు బొంబాయికో పుణెకో పనికి పోయిన పిల్లలు ఉంటారు. బస్సు ఎప్పుడు ఎక్కాలి, ఎక్కడ ఆగుతుంది, తిండి ఎక్కడ, నిద్ర ఎట్లా, అన్నీ వాళ్ళే చెప్తారు.

వాళ్ళ ముందు మ్యాప్ పరిచి కరాచీ, అహ్మదాబాద్, బొంబాయి, బళ్లారి, మద్రాసు చుక్కలు పెట్టించండి. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి పుస్ మాత్ అనే ఒంటి ఇంజను విమానంలో ఉత్తరాల సంచులు వేసుకుని బయల్దేరాడు. లండన్ నుంచి వేరే విమానంలో కరాచీ దాకా వచ్చిన ఉత్తరాలవి. మధ్యలో అహ్మదాబాద్‌లో దిగితే పెట్రోలు ఎట్లా వచ్చిందో తెలుసా? ఎడ్లబండి మీద, నాలుగేసి గ్యాలన్ల డబ్బాల్లో! బొంబాయిలో ఆయన దిగిపోతే, నెవిల్ వింట్సెంట్ అనే పైలట్ ఉత్తరాలు అందుకుని బళ్లారి మీదుగా మద్రాసుకి తీసుకెళ్ళాడు. బళ్లారి ఎక్కడో లేదు, మన రాయచూరు అవతలే. ఆ ఎడ్లబండి దగ్గర క్లాసుని కాసేపు ఆపండి. విమానం వచ్చేలోపు ఆ డబ్బాలు అక్కడికి చేరాలంటే ఎవరు ఏం చేసి ఉండాలి అని అడగండి. దూరప్రయాణం అనేది గాలిలో ఎంత జరిగిందో నేల మీదా అంత జరిగిందని వాళ్ళకే తడుతుంది.

ఇక లెక్కల టీచర్లకి అమెరికా పైలట్ చార్లెస్ లిండ్‌బర్గ్ ఉన్నాడు. 1927 మే 20న న్యూయార్క్‌లో లేచి ఎక్కడా ఆగకుండా పారిస్ చేరాడు. దాదాపు 5,800 కిలోమీటర్లు, ముప్పై మూడున్నర గంటలు, ఒక్కడే. వేగం పిల్లలతోనే కట్టించండి, గంటకి 173 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. బయల్దేరినప్పుడు ఆ విమానం బరువులో సగానికి పైగా పెట్రోలే. పెద్ద ట్యాంకు ముందర అడ్డం పెట్టడంతో ఎదురుగా చూడ్డానికి అద్దం కూడా లేదు, చిన్న పెరిస్కోపే దిక్కు. ఐర్లాండ్ దగ్గరపడ్డాక చేపల పడవ కనిపిస్తే బాగా కిందికి దిగి, ఐర్లాండ్ ఎటు అని కేకేసి అడిగాడు! అయితే అట్లాంటిక్ దాటిన మొదటివాడు లిండ్‌బర్గ్ అని మాత్రం రాయించకండి. 1919 జూన్‌లోనే ఆల్కాక్, బ్రౌన్ ఇద్దరూ ఆగకుండా దాటి, పచ్చిక మైదానం అనుకుని ఐర్లాండ్‌లో ఒక బురద నేలలో దిగారు. విమానం ముక్కు బురదలో దిగబడింది గాని ఇద్దరూ క్షేమం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ స్పార్క్ ప్లగ్గుది. మెకానిక్ షాపులో పాత ప్లగ్గు అడిగి తెచ్చి పిల్లల చేతికివ్వండి, కొసన మసి, సన్నటి సందు, ఇంజనులో పెట్రోలుని మండించే నిప్పురవ్వ పుట్టేది అక్కడే. 1930లో ఇంగ్లండ్‌కీ ఇండియాకీ మధ్య ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయుడికి ఇస్మాయిలీ ముస్లింల మతపెద్ద ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి పెట్టాడు. జేఆర్‌డీ ఇటునుంచి, ఆస్పీ ఇంజినీర్ అటునుంచి బయల్దేరారు. ఆస్పీకి పదిహేడేళ్ళు, మన ఇంటర్ పిల్లల వయసు. ఈజిప్టులో ప్లగ్గులు లేక చిక్కుబడిపోయాడు. అక్కడ దిగిన జేఆర్‌డీ, పోటీలో ఉన్నవాడని కూడా చూడకుండా, తన దగ్గరున్న స్పేర్ ఇచ్చేశాడు. పందెం ఆస్పీ గెలిచాడు. తర్వాత ఆయనే మన వైమానిక దళాధిపతి అయ్యాడు. ఇది చెప్పాక క్లాసులో ఎవరూ ఊరుకోరు, ఇవ్వాలా వద్దా అని కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనివ్వండి.

సైన్స్ టీచర్లకి ఒక మాట. రెక్క పైన పోయే గాలి ఎక్కువ దూరం పోవాలి కాబట్టి వేగంగా పోయి, కింది గాలిని చివర్లో కలుసుకుంటుందని కొన్ని గైడ్లలో ఉంటుంది. అది తప్పు. రెండూ ఒకేసారి చేరాలన్న నియమమేమీ లేదు, నిజానికి పై గాలే ముందు చేరుతుంది. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కని పైకి నెడుతుంది, న్యూటన్ మూడో నియమంతో చెప్తే తొమ్మిదో తరగతి పిల్లలకి చాలు. పుష్పక విమానం గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, నవ్వకండి. అది గొప్ప కథ, ఎగరాలన్న కోరిక ఎంత పాతదో చెప్తుంది, కానీ ఇంజను చరిత్రలో దాన్ని కలపకూడదని మెల్లగా చెప్పండి.

మన కేజీబీవీ (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం) ఆడపిల్లలకి మాత్రం ఇంగ్లండ్ పైలట్ ఎమీ జాన్సన్‌ని తప్పకుండా పరిచయం చేయండి. పైలట్ కావడమే కాదు, ఇంజను విప్పి బిగించే గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్సు కూడా తీసుకున్న మనిషి. 1930 మే 5న లండన్ దగ్గర క్రాయిడన్‌లో ఒంటరిగా లేచినప్పుడు వయసు 26. కరాచీ దాటాక ఝాన్సీలో సైనికుల పరేడ్ గ్రౌండ్‌లో దిగాల్సి వచ్చింది. రంగూన్ దగ్గర విమానం గుంటలో పడి రెక్క చిరిగింది, ప్రొపెల్లర్ విరిగింది. యుద్ధంలో మిగిలిన విమానపు గుడ్డతో ఎవరో కుట్టించుకున్న చొక్కాలు అక్కడ దొరికితే, వాటితోనే రెక్కకి అతుకులేశారు. వెంట కట్టుకుని తెచ్చుకున్న స్పేర్ ప్రొపెల్లర్ బిగించుకుని మళ్ళీ లేచింది, మే 24న ఆస్ట్రేలియాలో డార్విన్ చేరింది.

ఈ దారులన్నీ గీయడానికి గోడకి తగిలించే ప్రపంచ మ్యాప్ ఒకటి కావాలి. మీ బడిలో లేకపోతే మీటింగ్ అయ్యాక నన్ను కలవండి, నా దగ్గరున్నది ఇస్తాను, పెద్ద సైజు జిరాక్స్ తీయించి పంచుకుందాం.