గోధుమ మానేశాక ఆ చోట ఏం పెడుతున్నాం?

అందరికీ నమస్కారం. పొద్దున్నే పిల్లల్ని తయారుచేసుకుని, బస్సులెక్కి ఇంత దూరం వచ్చారు. చాలా సంతోషం. నేను డాక్టర్ని కాదు. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్న ఒక అమ్మాయికి తల్లిని.

మా పాపకు ఏడో ఏట జబ్బు బయటపడింది. గోధుమ, బార్లీ పూర్తిగా మాన్పించమన్నారు. ఆ రోజే చపాతీ పిండి, సేమ్యా, ఉప్మా రవ్వ, బిస్కెట్లు అన్నీ ఇంట్లోంచి తీసేశాం. మూడు నెలల్లో పిల్ల తేరుకుంది, ఒళ్ళు చేసింది. గండం గడిచిందనుకున్నాను. ఏడాదిన్నర తిరిగేసరికి నోటి మూలలు పగలడం, మాటిమాటికీ నోరు పూయడం, బడినుంచి రాగానే యూనిఫాం కూడా మార్చుకోకుండా పడుకోవడం మొదలైంది. గోధుమ ఎక్కడో తగులుతోందని వంటిల్లంతా గాలించాను. పరీక్ష చేయిస్తే, గోధుమ తగిలితే రక్తంలో పెరిగే యాంటీబాడీలు మామూలుగానే ఉన్నాయి. తగ్గినవి ఐరన్, ఫోలేట్ అనే బి విటమిన్, విటమిన్ డి.

డాక్టరు గారు ఒకటే అడిగారు. "గోధుమ తీసేశారు సరే, దాని బదులు ఏం పెడుతున్నారమ్మా?"

పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి తెల్లన్నం, మధ్యలో గ్లూటెన్ లేని ప్యాకెట్ బిస్కెట్లు. చెబుతుంటే నాకే అర్థమైంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది జబ్బుది. చిన్నపేగు లోపల తిండిలోని సారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు అని ఉంటాయి, బడిలో చదువుకున్నాం. సీలియాక్‌లో గ్లూటెన్ వల్ల అవి అరిగిపోయి చదునవుతాయి. ఐరన్, ఫోలేట్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది పేగు మొదటి భాగంలో. దెబ్బ ముందు తగిలేదీ అక్కడే. గ్లూటెన్ మానితే పేగు కోలుకుంటుంది. కానీ దానికి నెలలు పడుతుంది, పెద్దవాళ్ళకైతే ఏళ్ళు కూడా పట్టొచ్చు.

రెండో చిక్కు మన కంచంలోనే ఉంది. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది మన తెలుగువాళ్ళ కథ. బియ్యంలో గ్లూటెన్ లేదు కాబట్టి మనకేం భయం అనుకుంటాం. నూరేళ్ళ కిందట ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, మరపట్టిన పచ్చిబియ్యం తిన్నవాళ్ళకు నరాలు, గుండె దెబ్బతినే బెరిబెరి జబ్బు వచ్చేది. తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడమే దానికి కారణం. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకు అంతగా వచ్చేది కాదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఎలా పుట్టిందో తెలుసా? 1918లో కూనూరులో, ఒకే గదిలో, బెరిబెరి మీద విచారణగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇంత చరిత్ర చూసినవాళ్ళం, పిల్లలకు మూడు పూటలా పాలిష్ బియ్యమే పెట్టి నిశ్చింతగా ఉంటే ఎలా?

ప్యాకెట్లతో కూడా ఇదే బాధ. గ్లూటెన్ లేని బ్రెడ్డు, బిస్కెట్లు ఎక్కువగా బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, సగ్గుబియ్యం పిండితో చేస్తారు. అమెరికాలో 1998 నుంచి శుద్ధి చేసిన గోధుమపిండిలో ఫోలిక్ యాసిడ్, అంటే మందుగా తయారుచేసిన ఫోలేట్, కలపడం తప్పనిసరి, గ్లూటెన్ లేని పిండ్లకు ఆ నియమం లేదు. అక్కడున్న మన పిల్లలు ఇది గమనించాలి. స్వీడన్‌లో పదేళ్ళపాటు పథ్యం బాగా పాటించిన సీలియాక్ ఉన్న పెద్దవాళ్ళను పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. పేగు బాగుపడినా చాలామందిలో ఫోలేట్, బి6 తక్కువగానే ఉన్నాయి.

మరి ఏం పెట్టాలి? మా ఇంట్లో చేసింది చెబుతాను. రాత్రి అన్నం తీసేసి రాగి సంకటి, జొన్నరొట్టె, కొర్రన్నం మార్చి మార్చి పెట్టాను. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పదికి అటూఇటూ. ఫోలేట్ కోసం పెసలు, సెనగలు, తోటకూర. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదు. బి12 మాత్రం ఆకుల్లో, గింజల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు తినాలి, చాలకపోతే మందే. బి12 తగ్గిందేమో చూసుకోకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే సొంత వైద్యం వద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

రేషన్ బియ్యంలో రంగు తేడాగా ఉన్న గింజలను ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేసేవాళ్ళు ఉండేవారు. అవి బియ్యప్పిండితోనే చేసిన గింజలు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి నూరు కిలోలకు కిలో చొప్పున వేసేవారు. మన పిల్లలకు కావలసినవి అవే కదా! అలాంటి బియ్యం దొరికితే, తలసీమియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి తినాలి.

ఇంకో మాట. బరువు తగ్గడానికో, ఎవరో చెప్పారనో గోధుమ మానేస్తున్నవాళ్ళు ముందు సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు.

రిపోర్టులు తెచ్చినవాళ్ళు అవి పక్కన పెట్టుకోండి, డైటీషియన్ మేడమ్ మూడింటికి ఒక్కొక్కరితో కూర్చుంటారు. భోజనాల్లో సంకటి, గోంగూర పప్పు, గుడ్డు కూర ఉన్నాయి. పప్పులో ఇంగువ వెయ్యలేదు. బజారులో దొరికే చాలా ఇంగువల్లో గోధుమపిండి కలుస్తుంది. పిల్లలకు భయపడకుండా వడ్డించండి.