రొయ్య పడనివాడి చేతిలో ఆల్గ్‌ప్రెడ్ 2.0

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఆల్గ్‌ప్రెడ్ అంటే ఒక ప్రొటీన్ సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరుస) చూసి అది అలర్జీ పుట్టించేదో కాదో అంచనా వేసే ఫ్రీ టూల్, వాళ్ల దగ్గర నేను పైసా తీసుకోలేదు. ఒక ఆన్‌లైన్ కోర్సు వాళ్లు మాత్రం నాకు ఉచితంగా సీటిచ్చి, "ప్రాజెక్టులో వాడిన టూల్ మీద ఒక వీడియో చేయండి" అన్నారు. అదీ సంగతి.

ఈ టూల్‌ను ట్రిపుల్ ఐటీ ఢిల్లీలో రాఘవ గారి ల్యాబ్ తయారుచేసింది. 10,075 అలర్జెన్లు (అలర్జీ పుట్టించే ప్రొటీన్లు), కానివి కూడా అన్నే తీసుకుని ర్యాండమ్ ఫారెస్ట్ అనే మెషిన్ లెర్నింగ్ పద్ధతికి నేర్పి, పరీక్షించారు. ఈ వివరాలు ఇక్కడితో వదిలేద్దాం.

మాది భీమవరం. ఎటు చూసినా రొయ్యల చెరువులే. నాకేమో రొయ్య ఇగురు నాలిక్కి తగిలితే చాలు, పెదాలు ఉబ్బిపోతాయి. ఇలాంటి కేసుల్లో ప్రధాన దోషి ట్రోపోమయోసిన్ అనే కండరాల ప్రొటీన్. ఎంత ఉడికించినా లొంగదు. తమాషా ఏంటంటే కోడిలోనూ ట్రోపోమయోసిన్ ఉంది, రొయ్యదానితో పోలిస్తే సగానికి పైగా అమైనో ఆమ్లాలు అవే. కోడికూరైతే నేను గిన్నె ఖాళీ చేస్తా!

అందుకే ఏ టూల్ వచ్చినా నేను పెట్టే పరీక్ష ఒకటే. ముందు రొయ్య సీక్వెన్స్, తర్వాత కోడి సీక్వెన్స్. 2001లో ఎఫ్ఏఓ (ఐరాస ఆహార సంస్థ), డబ్ల్యూహెచ్ఓ నిపుణులు చెప్పిన రూల్ ఒకటుంది: 80 అమైనో ఆమ్లాల ముక్కలో తెలిసిన అలర్జెన్‌తో 35 శాతానికి మించి పోలిక ఉంటే అనుమానించాలి. ఆ లెక్కన కోడీ దొంగే. ఎమ్మెస్సీలో నేను వాడిన ఒక సర్వర్, పేరెందుకులెండి, అలాగే కోడిని అలర్జెన్ అనేసింది. ఆ ప్రింటవుట్ మా అమ్మ కంట పడింది. వారం రోజులు ముద్దపప్పే.

ఇక ఆల్గ్‌ప్రెడ్. వేరుశనగలోని అరా హెచ్ 2 వేస్తే టక్కున అలర్జెన్ అంది. అందులో గొప్పేముంది? అంత పేరుమోసిన ప్రొటీన్‌ను ట్రైనింగ్‌లోనే చూసి ఉంటుంది, లీకైన పేపర్‌తో పరీక్ష రాసినట్టు. నాకు నచ్చింది ఎపిటోప్ మ్యాపింగ్. అలర్జీ రియాక్షన్ మొదలుపెట్టే ఐజీఈ యాంటీబాడీలు పట్టుకుంటాయని ప్రయోగాల్లో తేలిన 10,451 ముక్కల్లో (వీటినే ఎపిటోప్‌లంటారు) మన సీక్వెన్స్‌లో ఏవి ఉన్నాయో, ఎక్కడున్నాయో చూపిస్తుంది. మొత్తం మీద పోలిక శాతం కాదు, గొడవ పెట్టే చోటు కనిపిస్తుంది. ఒక రాత్రంతా రొయ్యనూ కోడినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నా.

చిరాకు పుట్టించేది త్రెషోల్డ్, అంటే స్కోరు ఎంత దాటితే అలర్జెన్ అనాలో మనం పెట్టే గీత. హద్దు దగ్గర ఉన్న ప్రొటీన్‌కు అది కాస్త అటూ ఇటూ జరిపితే జవాబే తిరగబడుతుంది. పైగా ఆ స్కోరు ఎవరికి పడదో, ఎంత తింటే పడదో చెప్పదు. ఈ తంటా ఒక్క ఈ టూల్‌దే కాదు, సీక్వెన్స్ చూసి చెప్పేవాటన్నిటిదీ. అయినా ఆ మ్యాపింగ్ కోసమే నా బుక్‌మార్క్‌లో ఉంటుంది, ప్రాజెక్టు చేసేవాళ్లు దానికోసం వెనకాడకుండా వాడండి.

కోడి రిజల్ట్ ఏమొచ్చిందో చెప్పను. మీరే వేసి కామెంట్‌లో పెట్టండి, త్రెషోల్డ్ ఎంత పెట్టారో కూడా రాయండి. బాబాయ్, మీరు ఈ వీడియో చూస్తుంటే, వచ్చే పెళ్లిలో నా విస్తట్లో "ఒక్కటి తింటే ఏమవుద్దిరా" అంటూ రొయ్య వెయ్యకండి.