పిల్లల బాస్కెట్‌బాల్‌లో జోన్ డిఫెన్స్ నిషేధం: రిఫరీ దేన్ని చూడాలి?

[దృశ్యం: పదేళ్ల పిల్లల మ్యాచ్. ఒక జట్టు ఐదుగురూ రింగు కింద గుమిగూడి, చేతులెత్తి నిలబడ్డారు.]

వ్యాఖ్యానం: వీళ్లు ఆడుతున్నది జోన్ డిఫెన్స్. ఎదుటి ఆటగాణ్ణి కాకుండా, కోర్టులో ఒక చోటును కాపలా కాయడం. పెద్దలైతే దూరం నుంచి షాట్లు కొట్టి దీన్ని ఛేదిస్తారు. పదేళ్ల పిల్లల భుజాల్లో అంత బలం ఎక్కడిది? కాబట్టి కోచ్ ఆట నేర్పకుండానే మ్యాచులు గెలిచేయగలడు. చాలా లీగుల్లో చిన్న వయసులవారికి మ్యాన్ టు మ్యాన్, అంటే ఒక్కొక్కరూ ఎదుటి జట్టులో ఒక్కొక్కరిని కాయడం, మాత్రమే ఆడాలన్న నిబంధన వచ్చింది ఇందుకే. నిబంధన రాయడానికి ఒక్క వాక్యం చాలు. అమలు చేయడం దగ్గరే తంటా.

[దృశ్యం: కోర్టు బొమ్మ. బంతి కుడి మూలలో. ఎడమ వైపు డిఫెండర్ పెయింట్‌లో, అంటే రింగు ముందు గీతలు గీసిన పెట్టెలో, నిలబడ్డాడు.]

ఈ కుర్రాడు జోన్ ఆడుతున్నాడా? గ్యాలరీలో సగం మంది అవునంటారు. నిజానికి ఇప్పుడే చెప్పలేం. మ్యాన్ టు మ్యాన్‌లో కూడా బంతికి దూరంగా ఉన్న డిఫెండర్ లోపలికి జరిగి, తోటివాడికి సాయంగా నిలబడాలి. మంచి కోచ్ నేర్పేదే అది. నిలబడిన చోటును బట్టి విజిల్ ఊదితే, సరిగ్గా నేర్చుకున్న పిల్లవాడికే శిక్ష పడుతుంది.

[దృశ్యం: బొమ్మలో ఎడమ వైపు ఆటగాడు పెయింట్ గుండా కుడి వైపుకు పరుగు తీస్తాడు.]

ఇప్పుడు చూడండి. తాను కాయాల్సిన ఆటగాడు కదిలాడు. డిఫెండర్ వెంట వెళ్లాడా, లేక రెండడుగులు వేసి పక్కవాడికి వదిలేసి తన చోటుకే తిరిగొచ్చాడా? వదిలేస్తే జోన్ అని అనుమానించాలి. అదీ ఒక్కసారికే కాదు. పిల్లలు పరధ్యానంలో మనిషిని వదిలేస్తూనే ఉంటారు. వరుస దాడుల్లో, ఒకరిద్దరు కాకుండా జట్టంతా అలాగే చేస్తుంటే అది కోచ్ చెప్పిన పథకమే.

దీన్ని కనిపెట్టడం పెద్ద లీగుకే చేతకాలేదు. అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ 2001-02 సీజన్ నుంచి, జోన్‌ను నిషేధించే పాత అక్రమ డిఫెన్స్ నిబంధనను ఎత్తేసి, ఎవరినీ దగ్గరగా కాయకుండా డిఫెండర్ పెయింట్‌లో మూడు సెకన్లకు మించి ఉండకూడదని పెట్టింది. ఉద్దేశాన్ని ఊహించే బదులు సెకన్లు లెక్కపెట్టుకోవచ్చు.

[దృశ్యం: స్కోరర్ బల్ల పక్కన పసుపు, ఎరుపు జెండాలు.]

జపాన్ బాస్కెట్‌బాల్ సంఘం ఇంకో దారి పట్టింది. 2016లో 15 ఏళ్లలోపు వారికి జోన్‌ను నిషేధించి, దాన్ని గమనించడానికే కమిషనర్ అని ఒక మనిషిని విడిగా కూర్చోబెట్టింది. అనుమానం వస్తే పసుపు జెండా, ఉల్లంఘన అని తేలితే ఎరుపు జెండా. ఇందులో నాకు నచ్చింది జెండాలు కాదు, పని విభజన. ఫౌళ్లు, ట్రావెలింగ్ (డ్రిబుల్ చేయకుండా బంతితో నడవడం), అవుట్ చూసే రిఫరీనే బంతికి దూరంగా ఉన్న నలుగురినీ చూడమంటే ఎలా?

శిక్ష మాత్రం బెంచీకి, అంటే కోచ్‌కే పడాలి. మొదట హెచ్చరిక, మళ్లీ చేస్తే ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుపడని షాట్. పిల్లవాడి ఖాతాలో ఫౌల్ వేయడం అన్యాయం, వాడు చెప్పింది చేశాడంతే.

[దృశ్యం: నలుగురు అటాకర్లు ఒక మూలకు తప్పుకుంటారు. అయిదోవాడు ఒంటరిగా డ్రిబుల్ చేస్తూ వస్తాడు.]

ఈ ఎత్తు కూడా ఊహించాలి. సాయం పూర్తిగా నిషేధిస్తే, ఎదుటి కోచ్ తన మెరికకు బంతి ఇచ్చి మిగతావాళ్లను పక్కకు పంపేస్తాడు. డ్రిబుల్ చేస్తూ ఒకడు రింగు వైపు దూసుకొస్తే ఎవరైనా అడ్డుపడవచ్చని నిబంధనలోనే రాయాలి.

జోన్‌తో పోలిస్తే ప్రెస్‌ను, అంటే ఎదుటి జట్టు సగంలోకే వెళ్లి బంతి కోసం మీదపడటాన్ని, నిషేధించడం సులువు, గీత కనబడుతుంది కాబట్టి. బంతి చేజారగానే డిఫెండర్లు కోర్టు మధ్య గీత దాటి వెనక్కి రావాలి. రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) పెనుగులాటలో అక్కడే చిక్కుకున్నవాడికి మాత్రం వెనక్కి రావడానికి రిఫరీ కాస్త వ్యవధి ఇస్తే చాలు.