గిన్నె అడుగున దేవుడు

అందరికీ నమస్కారం. మ్యూజియంలో గ్రీకు పాత్రల్ని మనం అద్దం వెనక, లైటు కింద, చేతులు కట్టుకుని చూస్తాం. నిజానికి వాటిలో చాలావాటిని చేత్తో పట్టుకుని తాగడానికి చేశారు.

క్రీ.పూ. 6వ శతాబ్దపు ఏథెన్స్‌కి వెళ్దాం. కలిగినవాళ్ల ఇళ్లలో మగవాళ్లకని ఒక గది ఉండేది, పేరు ఆండ్రాన్. గోడల వెంట మంచాలు. ఎడమ మోచేయి దిండుకి ఆనించి, పడుకునే తాగేవారు. దీన్నే సింపోజియం అన్నారు. కలిసి తాగడం అని అర్థం. ఇప్పుడు మనం అదే పేరుతో సదస్సులు పెట్టి టీ, బిస్కెట్లతో సరిపెడుతున్నాం! ఇంటి ఇల్లాలికి మాత్రం ఆ గదిలో చోటు లేదు. సన్నాయి లాంటి జంట గొట్టాల వాద్యం ఊదే అమ్మాయిలు డబ్బుకి వచ్చేవారు.

వైన్‌లో నీళ్లు కలపకుండా తాగడం అనాగరికుల పని అని వాళ్ల లెక్క. అందుకే క్రేటర్ అనే పెద్ద పాత్రలో కలిపి, కూజాతో కైలిక్స్‌లో పోసేవారు. కైలిక్స్ అంటే రెండు చెవులున్న వెడల్పాటి గిన్నె, కింద కాడ.

మ్యూనిక్‌లో ఒక కైలిక్స్ ఉంది. క్రీ.పూ. 530 ప్రాంతంలో ఎక్సెకియాస్ అనే కుమ్మరి చేసిన గిన్నె అది. బయటివైపు రెండు పెద్ద కళ్లు. తాగేవాడు గిన్నె పైకెత్తితే ఎదుటివాళ్లకి వాడి మొహం బదులు ఆ కళ్లే కనపడతాయి, ముసుగు వేసుకున్నట్టు. లోపల పడవలో మద్యానికి దేవుడైన డయోనైసస్ తీరిగ్గా పడుకుని ఉంటాడు. తెరచాప కొయ్యకి ద్రాక్షతీగ అల్లుకుంది, చుట్టూ డాల్ఫిన్లు. తనని ఎత్తుకుపోబోయిన దొంగల్ని దేవుడు అలా మార్చేశాడని కథ. గిన్నె నిండా పోస్తే వైన్ కింద పడవ మునిగి ఉంటుంది, తాగేకొద్దీ తేలుతుంది.

ఈ పాత్రల మీద కనపడే నలుపు మనమనుకునే పెయింటు కాదు, సన్నగా తేర్చిన బంకమట్టే. బట్టీలో ముందు గాలి ఆడనిచ్చి, తర్వాత మూసేస్తే పాత్రంతా నల్లబడుతుంది. మళ్లీ గాలి వదిలితే మట్టి ఎర్రబడుతుంది. పూత వేసినచోట మాత్రం గాజులా గట్టిపడిపోయి, నలుపు అలాగే ఉండిపోతుంది. థర్మామీటరు లేని రోజుల్లో ఇదంతా కంటిచూపు మీదే!

జర్మనీలోని వ్యూర్జ్‌బర్గ్‌లో బ్రైగోస్ చిత్రకారుడిదని చెప్పే ఇంకో గిన్నె ఉంది. దాని లోపల ఒక కుర్రాడు వంగి వాంతి చేసుకుంటుంటే, ఒక అమ్మాయి వాడి తల పట్టుకుని ఉంటుంది. గిన్నె ఖాళీ అయితే గానీ ఆ బొమ్మ కనపడదు.